మూడో ఇన్వర్టరు

ఆదోని ఊరి చివర జిన్నింగ్ మిల్లులో నేను చేరిన రోజు మేనేజరు నన్ను ఒక పెద్దమనిషి ముందు నిలబెట్టి, "ఈయన మన ఎలక్ట్రీషియన్. నువ్వు చదువుకున్నది ఈయనకు చెప్పు, ఈయనకు తెలిసింది నువ్వు నేర్చుకో" అని వెళ్లిపోయాడు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. కోసిగి దగ్గరి పల్లె. వయసులో ఉన్నప్పుడు ఏటా భార్యతో కలిసి సుగ్గికి, అంటే పత్తి ఏరడానికీ మిరప కోతలకూ దూరపు జిల్లాలకు, వలస పోయేవాడట. అలా పోయిన చోటే ఒక షాపులో మోటార్లు చుట్టడం నేర్చుకుని, తిరిగి వచ్చి ఈ మిల్లులో చేరాడు. నేను "అన్నా" అని పిలిచాను. ఆయన వారం రోజులు నన్ను "మేడం" అన్నాడు. తర్వాత "అమ్మా" అనడం మొదలుపెట్టాడు.

మాది ఎమ్మిగనూరు. నాన్న మగ్గం నేస్తాడు. ఎలక్ట్రికల్ డిప్లొమా అయ్యాక రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాను. ఆ మిల్లు గోడౌన్ల రేకుల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించి, వాటిని చూసుకోవడానికి మనిషి కావాలంటే వెళ్లాను. పొద్దున్నే బస్సెక్కి, ఆదోని బస్టాండులో ఉగ్గాని తిని, మిల్లుకు నడిచి పోయేదాన్ని. పత్తి లారీలు గేటు ముందు వరసగా నిలబడి ఉండేవి. నోట్లోకీ ముక్కులోకీ దూదిపింజలు వచ్చేవి.

గోడౌన్ వెనక ఒక గదిలో నాలుగు ఇన్వర్టర్లు ఉండేవి. ఒక్కొక్కటీ ఇనప బీరువా అంత. పైన ప్యానెళ్లలో పుట్టే కరెంటంతా ఒకే జత రాగి పట్టీల మీదికి వస్తుంది. నాలుగూ అక్కడి నుంచే తీసుకుని, మిల్లులో యంత్రాలు నడిచే కరెంటుగా మార్చి ఇస్తాయి. చూడటానికి ఇంతే. కానీ పొద్దున ఎండ పలచగా ఉన్నప్పుడు నాలుగూ ఒకేసారి లేస్తే, ఆ కొంచెం కరెంటునూ నాలుగు పంచుకుంటాయి. ఒక్కొక్కటీ తన ఫ్యాన్లకూ తన లోపలి వేడికీ కొంత తినేస్తుంది. చివరికి మిల్లుకు చేరేది తక్కువ. అదే ఒక్కటి లేచి, అది నిండాక రెండోది, తర్వాత మూడోది లేస్తే, అదే ఎండలో ఎక్కువ కరెంటు వస్తుంది.

దాన్ని అన్న చేత్తో చేసేవాడు. పొద్దున ఒకటి వేసేవాడు. దాని ముందు నిలబడి చప్పుడు వినేవాడు. ఫ్యాను గొంతు మారాక రెండోది. మబ్బు పడితే చివరిది ఆపేవాడు. సాయంత్రం ఒక్కొక్కటే పడుకోబెట్టేవాడు. అన్నిటికన్నా ముందు లేచేది తొందరగా అరుగుతుందని రోజుకొకదాన్ని మొదట లేపేవాడు. ఇదంతా ఎవరూ ఆయనకు చెప్పలేదు. ప్యానెళ్లు బిగించిన వాళ్లు వారం ఉండి వెళ్లిపోయారు.

ప్యానెళ్ల నుంచి ఎంత లాగాలనేది ఇంకో చిక్కు. తక్కువ లాగితే ఉన్నది వృథా. ఎక్కువ లాగితే వోల్టేజి కూలిపోతుంది. మధ్యలో ఒక చోటు ఉంటుంది, ఎండ మారినప్పుడల్లా అదీ మారుతుంది. ఇన్వర్టర్లు దాన్ని వెతుక్కుంటూ ఉంటాయి. నేను డిప్లొమాలో దీన్ని గ్రాఫులతో చదివాను. అదే గ్రాఫు కాగితం మీద గీసి అన్నకు చూపించాను.

ఆయన కాసేపు చూసి, "మా ఊట బావి లెక్కనే కదమ్మా ఇది" అన్నాడు. "ఊరే నీళ్లు ఎంత వస్తే అంత తోడల్ల. ఆశపడి గబగబా తోడితే బొక్కెనలో బురద వస్తాది. అట్లని నలుగురు నాలుగు పక్కల నిలబడి ఎవురికి తోసినట్ల వాళ్లు తోడినా కుదరదు. ఒకరు సూసి సెప్పల్ల, కడమోళ్లు ఇనల్ల."

సరిగ్గా అదే. నాలుగూ ఎవరికి వారు వెతికితే ఒకదాన్ని చూసి ఒకటి తికమక పడతాయి. ఒకటి దారి చూపాలి, మిగతావి దాని వెంట నడవాలి. నేను మూడు పేజీల్లో రాసుకున్నది ఆయన నిలబడ్డ చోటే చెప్పేశాడు.

రెండో ఏడాది మిల్లువాళ్లు నాలుగు ఇన్వర్టర్లనూ కలిపి నడిపే ఒక కంట్రోలర్ కొన్నారు. ఏది ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో దానికి ప్రోగ్రాం రాయడం నా పని. పుస్తకంలో ఉన్నట్టే రాశాను. ఎండ ఉన్న రోజు బాగానే నడిచింది. మబ్బులు తిరిగే రోజు మాత్రం గదిలో నిలబడలేకపోయాం. ఎండ తొంగి చూస్తే మూడోది లేచేది, మబ్బు రాగానే పడుకునేది, మళ్లీ లేచేది. లోపల స్విచ్చులు టక్కుటక్కుమని ఒకటే కొట్టుకున్నాయి. ఆ రోజు అన్న చేత్తో నడిపిన రోజుల కంటే తక్కువ కరెంటు వచ్చింది.

"ఎండ మొగం సూపిచ్చినంత మాత్రాన లేపగూడదమ్మా" అన్నాడు అన్న. "రెండు నిమిసాలు ఆగు. ఆ రెండు నిమిసాలూ ఎండ అట్లనే నిలిస్తే అప్పుడు లేపు. పడుకోబెట్టేటప్పుడు ఇంగా కొంచెం ఓపిక పట్టు."

ఆయన పక్కన కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను మార్చుకుంటూ పోయాను. లేవడానికి రెండు నిమిషాలు, పడుకోవడానికి ఐదు. మొదట లేచే వంతు రోజూ మారేలా పెట్టాను. ఆ తర్వాత అది చక్కగా నడిచింది. మేనేజరు వచ్చి చూసి, పై ఆఫీసుకు ఫోన్లో నా పేరు చెప్పాడు. అన్న పక్కనే ఉన్నాడు. నేను ఆయన పేరు చెప్పలేదు. చెప్పాలని అప్పుడు తోచలేదు.

ఇక జరిగింది చెబుతాను.

ప్రతి ఇన్వర్టరుకూ రాగి పట్టీలకూ మధ్య ఒక పెద్ద చేతి స్విచ్చు ఉంటుంది. దాన్ని కిందికి లాగితే ఆ ఇన్వర్టరుకు ప్యానెళ్లతో సంబంధం పూర్తిగా తెగిపోతుంది. మూడోదాని స్విచ్చు పిడి లోపల విరిగిపోయి కదిలేది కాదు. మార్చాలంటే నాలుగూ ఆపి, ప్యానెళ్లన్నీ విడదీసి, ఒక రోజంతా పని చేయాలి. అన్న చెప్తే నేను రాసి ఇచ్చాను. సీజన్ అయ్యాక చూద్దామన్నారు. పత్తి వచ్చి పడుతోంది, మిల్లు రెండు షిఫ్టులు నడుస్తోంది. రెండోసారి కూడా రాసి ఇచ్చాను. అదే జవాబు. అప్పటిదాకా మూడోదాన్ని తెరవాలంటే నేను స్క్రీన్ నుంచి ఆపాలి, అప్పుడు దాని లోపలి స్విచ్చులే కరెంటును తెంచుతాయి.

కార్తీక మాసం, మబ్బులు తిరుగుతున్నాయి. పదకొండు గంటలప్పుడు అన్న ఇన్వర్టర్ల గదిలోకి వెళ్లాడు. మూడోదానిలో ఒక బోల్టు వేడెక్కి వాసన వస్తోందని రెండు రోజులుగా అంటున్నాడు. నేను అవతలి గదిలో స్క్రీన్ ముందు ఉన్నాను. ఫోన్ చేశాడు.

"అమ్మా, మూడోదాన్ని నిలబెట్నావా?"

మా వైపు నిలబెట్టడమంటే ఆపడం. నేను స్క్రీన్ చూశాను. మూడోదాని ఎదురుగా సున్నా ఉంది.

"నిలబడిందన్నా" అన్నాను.

"సరేమ్మా" అని పెట్టేశాడు.

అది మబ్బు వల్ల పడుకుంది. నేను దాన్ని ఆపలేదు. ప్రోగ్రాం పడుకోబెట్టినా సున్నానే చూపిస్తుంది, మనిషి ఆపినా సున్నానే చూపిస్తుంది. ఆ స్క్రీన్ తయారు చేసింది నేనే. రెంటికీ తేడా చూపించాలని నాకు ఎన్నడూ అనిపించలేదు. నా ముందు ఆ పూట నెల రిపోర్టు ఉంది. దాని మీదికి వంగాను.

మబ్బు జరిగింది. కిటికీలోంచి ఎండ నా బల్ల మీద పడింది. అది బాగా గుర్తు, ఎందుకంటే కాగితం తెల్లగా మెరిసి, కళ్లు చికిలించి దాన్ని పక్కకు జరుపుకున్నాను. ప్రోగ్రాం రెండు నిమిషాలు ఆగింది. ఎండ నిలిచింది. మూడోదాన్ని లేపింది.

గోడ అవతల నుంచి చప్పుడు వచ్చింది. బాంబులా కాదు, మందపాటి గుడ్డను ఒక్క గుంజుకు చించినట్టు. నేను పరిగెత్తేసరికి అన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడి చేయి మోచేతి దాకా నల్లగా ఉంది. చెంప ఒక పక్క ఎర్రగా కమిలిపోయింది. స్పానరు దూరంగా పడి ఉంది. గది నిండా కాలిన వెంట్రుకల వాసన. మిగిలిన ఇన్వర్టర్లు ఆగకుండా నడుస్తూనే ఉన్నాయి.

ఆయన నన్ను చూసి, "దగ్గరికి రావద్దు. తలుపు ఇంగా తెరిసే ఉండాది" అన్నాడు.

అంత బాధలోనూ ఆయన ఆ మాట అనడం నేను మరిచిపోలేను. నేను వెనక్కి పోయి నాలుగూ ఆపేసి, మనుషులను పిలిచాను. దూది మోసే హమాలీలు ఇద్దరు వచ్చి ఆయన్ను ఎత్తుకుని జీపులో పడుకోబెట్టారు. ఆదోనిలో కట్టు కట్టి కర్నూలుకు పంపారు. ఆయన భార్య కోసిగి నుంచి నేరుగా అక్కడికే వెళ్లింది.

మిల్లులో ఆ సాయంత్రం దాకా ఎవరూ నన్నేమీ అడగలేదు. అందరూ ఒకటే అన్నారు. "అంత అనుభవం ఉన్నోడు, స్విచ్చు లాగకుండా ఎట్ల తలుపు తెరిసినాడప్పా." స్విచ్చు లాగడానికి రాదని తెలిసిన వాళ్లు కూడా అదే అన్నారు. నేను నోరు విప్పలేదు. బస్సులో కూర్చుని, ఎమ్మిగనూరు వచ్చేదాకా ఒకే మాట మనసులో తిప్పి తిప్పి అనుకున్నాను. నిలబెట్టావా అని అడిగాడు. నిలబడింది అన్నాను.

నాలుగో రోజు మేనేజరు నన్ను పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. ప్రమాదం మీద నివేదిక. ప్యానెళ్ల కరెంటు తొలగించకుండా సిబ్బంది నిర్లక్ష్యంగా పరికరం తెరవడం వల్ల జరిగిందని ఉంది. కింద సాక్షిగా నా సంతకానికి చోటు ఉంచారు.

"వైద్యం అంతా మనమే చూసుకుంటాం. ఆయనకేం నష్టం రానివ్వం. ఇది మామూలుగా రాసేదే" అన్నాడు మేనేజరు. చెడ్డవాడు కాదు. ఆయన మొహం కూడా ఆ నాలుగు రోజుల్లో పీక్కుపోయింది.

"రేపు చేస్తాను సార్" అని కాగితం బ్యాగులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లాను.

ఇంట్లో అప్పటిదాకా మిల్లులో ఒకరికి దెబ్బ తగిలిందని మాత్రమే చెప్పాను. ఆ పూట అంతా చెప్పాను. నాన్న మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేయడం ఆపి విన్నాడు.

అమ్మ, "నీ పని పోతే మళ్లీ రెండేండ్లు ఇంట్లో కూసుంటావు. వాళ్లు రాసినారు, వాళ్లే సూసుకుంటారు. నీవు ఎందుకు మీద ఏసుకుంటావు?" అంది.

నాన్న తెగిన ఒక పోగును ముడివేశాడు. తర్వాత, "ఆయప్పకు ఏ సెయ్యి కాలింది?" అని అడిగాడు.

"కుడి చెయ్యి నాన్నా."

నాన్న తన కుడి చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. "ఐతే పనోడికి ఇంగేం మిగిల్తాదమ్మా" అన్నాడు. సంతకం పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. గుంతలోంచి లేచి బయటికి వెళ్లాడు. ఆ పూట మళ్లీ మగ్గం ఎక్కలేదు.

నేను వేరే కాగితం తీసుకుని రాశాను. ఫోన్లో ఆయన ఏమడిగాడు, నేను ఏం చెప్పాను. స్క్రీన్ మీద పడుకున్నదానికీ ఆపినదానికీ తేడా కనిపించదని. ఆ ప్రోగ్రాం ఎండ ఉందా లేదా అనేది మాత్రమే చూస్తుందని, తలుపు తెరిచి ఉందా అని చూడదని, దాన్ని రాసింది నేనని. స్విచ్చు పిడి విరిగిందని రెండుసార్లు రాసి ఇచ్చామని.  మరుసటి రోజు దాన్ని మేనేజరు బల్ల మీద పెట్టాను.

ఆయన నిలబడే చదివాడు. "ఇది నీకే మంచిది కాదు, తెలుసా?" అన్నాడు.

"తెలుసు సార్."

"పిడి సంగతి రాయకుండా ఉండాల్సింది."

 ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి రెండు రోజులు ఉన్నారు. నన్ను గంటల తరబడి అడిగారు. చివరికి నివేదిక మార్చి రాశారు. అందులో మిల్లు తప్పూ ఉంది, నా తప్పూ ఉంది. నా ఉద్యోగం తీసేయలేదు. ఆరు నెలలు ప్రోగ్రాం ముట్టుకోవద్దని మాత్రం రాసి ఇచ్చారు.

అన్న మూడు వారాలకు ఇంటికి వచ్చాడు. నేను వెళ్లడానికి ఇంకో నెల పట్టింది. ప్రతి ఆదివారం బయలుదేరాలనుకునేదాన్ని, ఏదో ఒక సాకు దొరికేది. చివరికి ఒకరోజు ఆదోనిలో రైలెక్కి కోసిగిలో దిగి, ఆటోలో ఆ పల్లెకు పోయాను. సగం ఇళ్లకు తాళాలు ఉన్నాయి. సుగ్గికి వెళ్లిపోయారు. వీధిలో ముసలివాళ్లు, కోళ్లు. ఆయన ఇంటి ముందు చాప మీద కూర్చుని ఎడమ చేత్తో జొన్నరొట్టె తుంచుకుంటున్నాడు. కుడి చేతి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

ఆయన భార్య నన్ను చూసి చెంబుతో నీళ్లిచ్చింది. "ఇన్నాళ్లకు దోవ తెలిసిందేమ్మా?" అంది. కోపంగా అనలేదు. అలా అనకపోవడం వల్లే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నేను చెప్పాలనుకున్నది చెప్పాను. "అన్నా, ఆ రోజు నేను దాన్ని ఆపలేదు. అది మబ్బుకు పడుకుంది. స్క్రీన్ చూసి నిలబడింది అన్నాను."

ఆయన రొట్టె పక్కన పెట్టాడు. "ఎంతసేపు ఆగి లేసింది?" అన్నాడు.

"రెండు నిమిషాలు."

"నేను సెప్పినంతనే ఆగింది" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. ఆయన వద్దనలేదు, ఓదార్చలేదు. వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "నిలబెట్నావా అని అడిగినాను. నిలబడింది అన్న్యావు. రెండూ ఒకటే అనుకున్న్యాను నేనూ" అన్నాడు. "నా సెవికి తెలిసుండల్ల. నేనే దాన్ని రోజూ పడుకోబెట్టినోన్ని కదా."

"తప్పు నాది అన్నా."

"నీది ఉండాది" అన్నాడు. "లేదనను. నీవు రాసిచ్చిన కాయితం గురించి మేనేజరు సెప్పినాడు. అది రాయకపోతే నిన్ను ఈ గడపలోకి రానిచ్చేవాన్ని కాదు."

ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ముగ్గురం కూర్చుని తాగాం.  రైలు వేళకు ఆయన లేచి, ఆటో ఆగే చోటు దాకా వచ్చాడు.

ఆ ప్రమాదం తర్వాత మిల్లు ఒక రోజంతా సోలార్ ఆపి స్విచ్చు పిడి మార్పించింది. ఒక్కో ఇన్వర్టరుకు ఒక్కో తాళంచెవి పెట్టారు. అది తీసి జేబులో వేసుకుంటే ఇక ఏ ప్రోగ్రామూ ఆ ఇన్వర్టరును లేపే వీలు లేదు. ఆరు నెలలు గడిచాక నేను స్క్రీన్ మార్చాను. సున్నాలు తీసేసి తెలుగులో రాశాను. మబ్బుకు పడుకుంటే "పడుకుంది, ఎప్పుడైనా లేస్తుంది" అని పసుపు రంగులో వస్తుంది. మనిషి ఆపితే "ఆపారు" అని ఎర్రగా వస్తుంది. పై ఆఫీసు వాళ్లు ఇంగ్లీషులో పెట్టమన్నారు. ఆ గదిలోకి వెళ్లేవాళ్లకు వచ్చింది తెలుగేనని చెప్పాను. ఒప్పుకున్నారు.

అన్నకు మిల్లులోనే స్క్రీన్ ముందు కూర్చునే పని ఇచ్చారు. నెలరోజులు కూర్చున్నాడు. ఎడమ చేత్తో మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. కానీ గంటకోసారి లేచి ఇన్వర్టర్ల గది గుమ్మం దాకా పోయి, లోపలికి పోకుండా తిరిగి వచ్చేవాడు. ఒకరోజు, "ఈడ కూసున్యా సెవులు ఆడనే ఉంటాండాయి. నాకు కుదరదమ్మా" అని చెప్పి మానేశాడు.

ఇప్పుడు వాళ్ల పల్లెలో తాగునీటి బోరు సోలారు మీదే నడుస్తుంది. దాన్ని ఆయనే చూసుకుంటాడు. బోల్టులు బిగించే పని వచ్చినప్పుడు ఆయన భార్య స్పానరు పట్టుకుంటుంది. ఆయన పక్కన నిలబడి చెప్తాడు. మేం అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటాం. పంపు గురించి, మబ్బుల గురించి, వాళ్ల ఊళ్లో నీళ్ల గురించి. మళ్లీ నన్ను మేడం అంటున్నాడు. వద్దని ఒకటి రెండుసార్లు అన్నాను. తర్వాత అనడం మానేశాను.